నాటకంలో లేని సీను

బిట్రగుంట రైల్వే కాలనీలో పొద్దుగూకితే మనిషి అలికిడి ఉండని చోటు ఒకటుంది. పాత క్లబ్బు హాలు. చుట్టూ సగం క్వార్టర్లు కూలిపోయి తుమ్మచెట్లు మొలిచినా, ఆ హాలు మాత్రం పెంకుల కప్పుతో అలాగే నిలబడి ఉంది. లోపల స్టేజీ ఉంది. స్టేజీకి ఎడమ పక్కన సైడ్ వింగు ఉంది. ఆ సైడ్ వింగులో బెన్హర్ తాత ఉన్నాడు... అంటారు.

బెన్హర్ తాత మా నాన్న కాలంలో ప్రాంప్టరు. స్టేజీ మీద వేషగాళ్ళు మాట మర్చిపోతే, తెర పక్కన కూర్చుని గుసగుసగా అందించేవాడు. నలభై ఏళ్ళు అందించాడు. ఒక్క వేషం కూడా ఎవరూ ఇవ్వలేదు. ఒక రాత్రి నాటకం నడుస్తుండగానే, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. పోయిన సంగతి తెర దించాకే తెలిసింది. డాక్టరు వచ్చి చూసి, పోయి రెండు గంటలైందన్నాడు.

కానీ చివరి సీను దాకా మాట అందుతూనే ఉందట!

అప్పటినుంచీ ఆ హాలుకి చెడ్డపేరు. చీకట్లో ఆ స్టేజీ మీద ఒంటరిగా నిలబడితే చచ్చిపోయినవాళ్ళు పలుకుతారని చుట్టుపక్కల పల్లెల దాకా పాకింది. నేను నమ్మను. ముప్పై ఏళ్ళు బడిలో సైన్సు చెప్పినదాన్ని. దెయ్యం అన్న పిల్లలకి ఒకటి తగిలించి కూర్చోబెట్టినదాన్ని.

అయితే ఇప్పుడు చెప్పే సంగతి నాకు చెప్పింది మా చిన్నాన్న కూతురు ఫేబీ. అది అబద్ధాలు ఆడదని నేననను. ఆడుతుంది. కానీ తనను తాను తక్కువ చేసుకునే అబద్ధం మాత్రం చచ్చినా ఆడదు. అందుకే విన్నాను.

ఫేబీ కావలిలో ఒక కళ్ళ ఆసుపత్రిలో చీటీలు రాస్తుంది. అది బయటి సంగతి. అసలు సంగతి నాటకం. ఆరేళ్ళప్పుడు మా చర్చి క్రిస్మస్ నాటకంలో దేవదూత వేషం వేసింది మొదలు, స్టేజీ నడిమధ్య జాగా తనదేనని దాని లెక్క. పక్కన ఇంకొకరు నిలబడితే ఓర్చుకోలేదు. చిన్నప్పుడు పక్కింటి పిల్లకి టైఫాయిడ్ వస్తే, అందరూ దాన్నే పలకరిస్తున్నారని అన్నం మానేసిన ఘనురాలు మా ఫేబీ.

మొన్న నవంబరులో సుశీల్ కుమార్ మాస్టారు ఆ క్లబ్బు హాలు ఊడిపించి డ్రామా క్లాసు మొదలుపెట్టాడు. గార్డుగా రిటైరైన మనిషి. నెల్లూరులో నాటక పరిషత్తు పోటీకి తనే ఒక నాటకం రాసుకున్నాడు. అక్కాచెల్లెళ్ళిద్దరు పడవ మీద పోతారు. చెల్లెలు ఒక్కతే తిరిగొస్తుంది. ఆ పడవ మీద ఏం జరిగిందో నాటకంలో ఎక్కడా చూపించడు. చెల్లెలి వేషమే నాటకమంతా.

ఆ వేషం ఎవరికో క్రిస్మస్‌కి ముందు చెప్తానన్నాడు. అప్పటిదాకా రాసిన డైలాగు ఒక్కటీ ముట్టనివ్వలేదు.

"రాసింది ఎవురైనా చెప్తారు. నాటకంలో లేని సీను చెయ్యండి. ఆ పడవ మీద ఏం జరిగిందో నాకు చూపించండి," అన్నాడు.

ఇద్దరిద్దరు స్టేజీ ఎక్కాలి. అప్పటికప్పుడు నోటికొచ్చింది మాట్లాడాలి. ఒకటే రూలు — అవతలివాళ్ళు ఏమన్నా కాదనకూడదు. నువ్వు దొంగవి అంటే దొంగవే. అవునని ఒప్పుకుని, అక్కణ్ణుంచి సీను ముందుకు లాగాలి. కాదన్నారా, సీను చచ్చిపోతుంది. మాస్టారు చప్పట్లు కొట్టి ఆపేస్తాడు.

ఫేబీ మొదటి వారం బాగానే లాక్కొచ్చింది. రెండో వారం స్వర్ణ వచ్చింది.

అల్లూరు దాటి సముద్రం ఒడ్డున పాలెం పిల్ల. ఇరవై రెండేళ్ళుంటాయి. రొయ్యల షెడ్డులో తలలు వలిచే పని. అల్లూరు బస్టాండులో మాస్టారు అంటించిన కాగితం చదివి వచ్చిందట. ఎప్పుడూ స్టేజీ ఎక్కలేదు, ఎటు తిరిగి నిలబడాలో కూడా తెలీదు. మొదటిరోజు జనానికి వీపు పెట్టి నిలబడింది. ఫేబీ నోరు మూసుకుని నవ్వుకుంది.

అప్పుడు స్వర్ణ మాట్లాడింది.

"అక్కా, నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చినాయి..." అంది. అంతే. వీపు పెట్టి నిలబడ్డ ఆ పిల్ల భుజాలు చూస్తూ మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మా ఫేబీ దేవదూత వేషానికి కూడా ఆయన ఎన్నడూ కళ్ళజోడు తుడుచుకోలేదు.

ఇక చూడాలి దాని అవస్థ! రోజూ స్వర్ణ సీను. రోజూ కొత్త మాటలు. ఒకరోజు నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో చెప్పింది. ఇంకోరోజు చేతుల్లో ఇసుక జారడం చెప్పింది. చదివింది ఎనిమిదో తరగతి. ఈ మాటలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయని ఫేబీకి రాత్రిళ్ళు నిద్ర లేదు.

ఒక సాయంత్రం తెలిసింది. క్లాసు ఏడింటికి. ఫేబీ పావుగంట ముందే వచ్చింది. హాల్లో లైటు లేదు. లోపల చీకట్లో ఎవరో గుసగుసలాడుతున్నారు... తలుపు సందులోంచి చూస్తే స్టేజీ మీద స్వర్ణ ఆకారం. ఒక్కతే. ఎడమ పక్క సైడ్ వింగు వైపు తిరిగి ఏదో అడుగుతోంది. ఆగుతోంది. మళ్ళీ అడుగుతోంది.

ఇంకెవరైనా అయితే భయపడి పరుగెత్తేవాళ్ళు. మా ఫేబీకి భయం వెయ్యలేదు. ఒళ్ళు మండిపోయింది.

"ముప్పై ఏళ్ళనించి ఈ కాలనీలో ఉండేది నేను లిల్లక్కా. మాట అందిస్తే బెన్హర్ తాత నాకు గదా అందియ్యాల! నిన్న గాక మొన్న బస్సు దిగినదానికి అందిస్తాడా?" అని నాతో అంది. దెయ్యం కూడా తనకే ముందు పలకాలట. నాకు నవ్వొచ్చింది. అది మాత్రం నవ్వలేదు.

మర్నాడే క్రిస్మస్‌కి ముందు మంగళవారం. ఆ రోజు మాస్టారు ఆఖరి సీనులు చూసి వేషం ఎవరికో తేల్చేస్తానన్నాడు. అల్పపీడనం పట్టి పొద్దుటినుంచీ ముసురు. స్వర్ణ బస్సు ఆరున్నరకి గానీ రాదు. ఫేబీ ఆరింటికే ఆసుపత్రిలో సెలవు చెప్పి వచ్చేసింది. లైటు వెయ్యలేదు. వెలుతురుంటే తాత పలకడని దాని నమ్మకం. ఫోను కూడా ఆపేసింది.

చెప్పులు విప్పి స్టేజీ ఎక్కింది.

చీకటి. పెంకుల మీద వాన చప్పుడు. ఎక్కడో చుక్క చుక్క నీళ్ళు కారుతున్నాయి. అలా ఎంతసేపు నిలబడిందో... పది నిమిషాలో, పావుగంటో. కాళ్ళు చల్లబడిపోయాయి. ఇదంతా పిచ్చి, దిగిపోదాం అనుకుంది.

"అక్కా..."

ఎడమ వైపు నుంచి. గుసగుస.

ఫేబీ అరవబోయింది. అరవలేదు. ఎందుకంటే అర్థమైంది — సీను మొదలైంది. తాత నాటకంలోని చెల్లెలి మాట అందిస్తున్నాడు. అయితే తాను అక్క. రూలు తెలుసు కదా. కాదనకూడదు.

"ఏందే?" అంది తనూ గుసగుసగా.

అటు పక్క ఊపిరి ఆగిన చప్పుడు.

"...నువ్వేనా?"

"నేనే."

"అక్కడ సలిగా ఉందా అక్కా?"

"ఉంది."

"ఒకటి అడగాల. కోపం చేసుకోవుగా?"

"అడుగు."

వాన జోరందుకుంది. ఆ గుసగుస వినడానికి ఫేబీ ఒక అడుగు ముందుకేసింది.

"ఆ పొద్దు... నీళ్ళలో... చెయ్యి. నేనే వదిలినానా?"

కాదనకూడదు.

"అవును," అంది ఫేబీ. "నువ్వే వదిలినావు."

"...బయమేసి వదిలినానా అక్కా?"

ఇక్కడ ఆగితే సీను అక్కడితో అయిపోతుంది. ముందుకు లాగాలి. ఏం చెప్పాలో ఫేబీ వెతుక్కోనక్కర్లేదు. నెల రోజులుగా కడుపులో ఉడుకుతున్నదే పైకొచ్చింది.

"బయమా? కుళ్ళు! నేనుంటే నిన్నెవురూ చూడరని. నేను పోతే నా చోటు నీదవుతుందని. వేళ్ళు ఒక్కొక్కటే విడిపించుకున్నావు. నేను చూస్తానే ఉన్నా."

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఇంత బాగా ఎప్పుడూ చెయ్యలేదు. ఒళ్ళంతా పులకరించింది.

అటు పక్క నుంచి చిన్న ఏడుపు... నోటికి ఏదో అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నట్టు. తర్వాత ఒక్క మాట.

"అవునక్కా."

వెనక తలుపు గాలికి ధడేలుమంది. ఆ తర్వాత వాన తప్ప ఏమీ లేదు.

ఆ రోజు క్లాసుకి స్వర్ణ రాలేదు. ఫేబీ నవోమి అనే పిల్లని పక్కన నిలబెట్టుకుని ఆ సీను మాటకి మాట దించేసింది. నవోమి చెల్లెలిగా అడిగింది, ఇది అక్కగా చెప్పింది. తర్వాత వేషాలు మార్చుకుని మళ్ళీ చేసింది. మాస్టారు కళ్ళజోడు తీశాడు. తుడుచుకున్నాడు. వేషం ఫేబీకే ఇచ్చాడు.

ఇంటికొచ్చి నాకు ఫోను చేసి ఎగిరి గంతేసింది. నేనూ సంతోషించాను. ఎందుకు అబద్ధం చెప్పాలి?

కానీ స్వర్ణ ఆ మర్నాడూ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఫోను ఎత్తడం లేదు. వారం చూసి మాస్టారు, "అక్క వేషానికి ఆ పిల్ల కావాల. ఎవురన్నా పోయి పిల్చుకురాండి," అన్నాడు. ఫేబీ తను పోతానంది. అందరూ మెచ్చుకున్నారు. అది పోయింది పిలవడానికి కాదు. ఇక రాదని ఖాయం చేసుకోవడానికి.

జనవరి మొదట్లో ఒక సాయంత్రం అల్లూరులో బస్సు దిగి, రొయ్యల గుంటల గట్ల మీదుగా ఆటోలో పాలెం చేరింది. స్వర్ణ వాళ్ళది ఆఖరి ఇల్లు. వాకిట్లో ఒకామె గుమ్మానికి వీపు తిప్పి కూర్చుని వల బాగుచేస్తోంది. స్వర్ణ వాళ్ళమ్మ గురవమ్మ. పలకరిస్తే తలెత్తలేదు.

పెరట్లో స్వర్ణ పొయ్యి ముందు కూర్చునుంది. ఒక పక్కన పాత పొయ్యి, దానికి ఎడంగా మూడు ఇటికెలతో కొత్త పొయ్యి. కొత్తదాని మీద చిన్న గిన్నె, ఒక మనిషికి సరిపడా. ఇంట్లో ఉండేది ఇద్దరు. పొయ్యిలు రెండు.

"ఏంది స్వర్ణా, ఇది?" అంది ఫేబీ.

"అమ్మ నా చేతి కూడు తినదక్కా," అంది స్వర్ణ మామూలుగా. "నేను ఇంక క్లాసుకి రాను. నేనొచ్చిన పని అయిపోయింది."

"ఏం పని?"

స్వర్ణ మంట ఎగదోసింది. చెప్పింది.

ఆరేళ్ళ కిందట తనూ, వాళ్ళక్క మాలకొండమ్మా ఏరు సముద్రంలో కలిసే చోట ఆల్చిప్పలు ఏరుకుని తిరిగొస్తున్నారు. పోటు వచ్చింది. చేయీ చేయీ పట్టుకుని దాటుతున్నారు. నడుముల దాకా... మెడ దాకా... తర్వాత చేతిలో చెయ్యి లేదు. అక్క మూడోనాడు దొరికింది. తను బతికింది. చెయ్యి ఎవరు వదిలారో మాత్రం స్వర్ణకి తెలీదు. ఆరేళ్ళుగా రోజూ గుర్తుచేసుకుంటుంది. గుర్తురాదు.

"ఆ హాల్లో పోయినోళ్ళు పలుకుతారని విన్నా. అందుకే చేరినా. రోజూ ముందే వచ్చి పిలిచేదాన్ని. పలకలేదు. ఆ మంగళవారం ముసురుకి షెడ్డు మూసేసినారు. ముందు బస్సుకే వచ్చి, సైడున కూర్చున్నా. ఆ పొద్దు పలికిందక్కా."

చీకట్లో తనతో మాట్లాడింది తాత కాదని ఫేబీకి అప్పుడు తెలిసింది.

"నేనే వదిలినానంట. కుళ్ళుతో. ఉంటుందిలే. పట్టు లంగా దానికి కుట్టించినారని నేను ఏడ్చేదాన్ని... అమ్మకి చెప్పేసినా. దాచిపెట్టి ఆమె చేతి కూడు తినలేకపోయినా."

వేషం, పరిషత్తు, నడిమధ్య జాగా... ఒక్కటీ గుర్తులేదంది ఫేబీ. ఆ రెండో పొయ్యి ఒక్కటే కనిపించిందట.

"స్వర్ణా, అది మీ అక్క కాదు," అంది. "నేను. ఆ చీకట్లో ఉన్నది నేను. నువ్వని తెలీదు. సీను అనుకున్నా. నీ మీద కుళ్ళుతో..."

స్వర్ణ దాని వైపు చూసి, పాపం అన్నట్టు నవ్వింది. "నీది మంచి మనసక్కా. నా బాధ చూడలేక అబద్ధం చెప్తన్నావు."

పుట్టి బుద్ధెరిగాక ఫేబీని మంచి మనసన్నది ఆ పిల్ల ఒక్కతే. అది భరించలేకపోయింది. నమ్మించాలి. ఎట్లా? ఒకటే దారి తోచింది. స్వర్ణ చెవి దగ్గరికి వంగి, ఆ రోజు మాట్లాడిన గుసగుసతోనే అంది —

"వేళ్ళు ఒక్కొక్కటే విడిపించుకున్నావు. నేను చూస్తానే ఉన్నా."

స్వర్ణ చేతిలో పుల్ల జారిపోయింది. రక్తం లేని మొహంతో వెనక్కి జరిగింది. గోడకి ఆనుకుని రెండు చేతులూ జోడించింది.

"అక్కా! ఈమె మీదికి వచ్చినావా... ఇంటి దాకా వచ్చినావా..."

"కాదు! నేను ఫేబీని!" అనబోయింది.

అప్పటికే వాకిట్లోంచి గురవమ్మ పరుగెత్తుకొచ్చింది. వల కాళ్ళకి చుట్టుకుని అలాగే ఈడ్చుకొస్తోంది. వచ్చి ఫేబీ రెండు చేతులూ పట్టుకుంది. వారం రోజులుగా నోరు విప్పని మనిషి.

"కొండా... నా తల్లీ... నాకు చెప్పు. నా మొహం చూసి చెప్పు. ఎవురు వదిలినారే చెయ్యి?"

పొయ్యిలో మంట ఒక్కసారి తగ్గింది. తల్లి ఒక పక్క, చెల్లెలు ఒక పక్క. ఇద్దరూ దాని నోటి వైపే చూస్తున్నారు.

ఫేబీ నోరు తెరిచింది.

"నేనే వదిలినానమ్మా. ఇద్దరం పోతే నీకెవురుంటారు?"

గురవమ్మ కూలబడిపోయింది. స్వర్ణ ఆమె మీద పడింది. తల్లీ కూతుళ్ళు ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చిన ఏడుపు పక్క పాలెం దాకా వినిపించి ఉంటుంది. ఫేబీని ఎవరూ చూడలేదు. అది గట్ల మీద చీకట్లో నడుచుకుంటూ అల్లూరు చేరి, దొరికిన బస్సెక్కింది.

స్వర్ణ మళ్ళీ క్లాసుకొచ్చాక, చెల్లెలి వేషం ఆ పిల్లకే ఇవ్వమని మాస్టారికి ఫేబీయే చెప్పింది. పరిషత్తు రోజు నేనూ అదీ పక్కపక్కన కూర్చుని చూశాం. స్వర్ణకి చప్పట్లు ఆగడం లేదు. ఫేబీ కొట్టలేదు. రెండు చేతులూ ఒళ్ళో బిగించి పెట్టుకుంది.

"మంట తగ్గలేదా?" అన్నాను.

"యాడ తగ్గుతుంది? ఆ చప్పట్లు నావి గదా," అంది పళ్ళు బిగించి. ఆ రాత్రి తిరుగు రైల్లోనే ఇదంతా నాకు చెప్పింది.

నేను సైన్సు టీచర్ని కదా, తేల్చేశాను. "దెయ్యం లేదు, పాడూ లేదు. హాల్లో పలికింది నువ్వు. పెరట్లో పలికిందీ నువ్వే. ఆ తల్లిని చూసి జాలేసి ఆ మాట అన్నావు. నీ జన్మకంతా మంచి నటన అదే," అన్నాను.

ఫేబీ కిటికీ ఊచలు పట్టుకుని బయటికి చూస్తోంది. నా వైపు తిరిగింది. మొహం పాలిపోయి ఉంది.

"నా సంగతి నీకు తెలీదా లిల్లక్కా?" అంది గుసగుసగా. "ఆ నీళ్ళలో నేనుంటే చెయ్యి వదిలేదాన్నా? అది ఒక్కతే ఎట్టా బతుకుతుందో చూస్తానని గట్టిగా పట్టుకుని నాతో లాక్కుపోయేదాన్ని. అంత మంచి మాట నాకు తోచదు... అది నేను అన్లా."